చవక ల్యాప్ స్టీల్ కొనొచ్చా?

వాయిద్యాల గురించి నాకు వచ్చే ఉత్తరాల్లో ఎక్కువ భాగం ధరల గురించే ఉంటాయి. "దీనికి ఇంత పెట్టొచ్చా?" అని కొందరు, "ఇంత తక్కువకి ఎలా ఇస్తున్నారు, మోసం లేదు కదా?" అని కొందరు. ఈ వారం అలాంటివి రెండు ఒకేసారి వచ్చాయి. ఒకటి న్యూజెర్సీ నుంచి, ఇంకోటి విజయవాడ నుంచి. ఇద్దరి ప్రశ్నా ఒకటే. ఆన్‌లైన్‌లో ల్యాప్ స్టీల్ గిటార్ 150 డాలర్లకు కనిపిస్తోంది. చైనాలో తయారైంది. ఫొటోలో ముచ్చటగానే ఉంది. కొనమంటారా, వద్దంటారా?

నా జవాబు ముందే చెప్పేస్తాను. కొనొచ్చు. మామూలు గిటార్ ఇంత చవకలో కొంటానంటే నేను ఆలోచించుకోమంటాను గానీ, ల్యాప్ స్టీల్ విషయంలో అంత భయం అక్కర్లేదు. కాకపోతే ఒక షరతు. డబ్బు కట్టేముందో, లేదా తిరిగి పంపే గడువు దాటకముందో, ఒక స్కేలు పట్టుకుని అరగంట కూర్చోవాలి. ఎందుకో చెబుతాను.

అసలిది ఏ వాయిద్యం?

పేరు కొత్తగా ఉన్నా వస్తువు కొత్తది కాదు. మన పెద్దవాళ్లు 'హవాయన్ గిటార్' అనేవారే, ఆ కుటుంబమే. ఒళ్లో అడ్డంగా పెట్టుకుని, కుడిచేత్తో మీటుతూ, ఎడమచేత్తో ఒక ఉక్కు కడ్డీని తీగల మీద జారుస్తారు. వేళ్లతో తీగని నొక్కడం ఉండదు. హవాయి దీవుల్లో 19వ శతాబ్దం చివర్లో జోసెఫ్ కెకుకు అనే కుర్రాడు ఈ పద్ధతిని కనిపెట్టాడని చెబుతారు. 1915లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన పెద్ద ఎగ్జిబిషన్‌తో అమెరికా అంతా ఆ మోజులో పడింది. 1940లలో టావు మో అనే హవాయి కళాకారుడు కుటుంబంతో సహా కలకత్తాలో ఉండి వాయించాడు, నేర్పించాడు. బెంగాల్‌లో ఈ గిటార్ అంతగా పాతుకుపోవడంలో ఆయన పాత్ర ఉంది. తర్వాత బ్రిజ్‌భూషణ్ కాబ్రా దీని మీద హిందుస్తానీ రాగాలు పలికించారు. విశ్వమోహన్ భట్ తన మోహన వీణతో 1994లో గ్రామీ అందుకున్నారు.

దక్షిణాది వాళ్లకి ఈ జారుడు పద్ధతి అంతకన్నా దగ్గరిది. గోటువాద్యం ఉంది కదా! చిత్రవీణ అన్నా అదే. మెట్లు లేని వీణ మీద నున్నటి ముక్కని జార్చి గమకం పలికించే వాయిద్యం. ల్యాప్ స్టీల్‌లోనూ ఎక్కడ ఆపితే అక్కడి స్వరం. ఈ ఒక్క విషయం మీదే చవక వాయిద్యం విలువంతా ఆధారపడి ఉంటుంది.

చవకైనా ఎందుకు పనికొస్తుంది?

మామూలు గిటార్‌లో డబ్బంతా ఎక్కడికి పోతుందో చూడండి. మెడ సన్నగా ఉండాలి, కానీ తీగల లాగుడుకి వంగకూడదు. అందుకని లోపల ఇనుప రాడ్ పెడతారు. ఇరవై పైచిలుకు ఫ్రెట్లు దిగ్గొట్టి, అన్నిటి ఎత్తూ సమానంగా అరగదీయాలి. ఒక్క ఫ్రెట్ లేచినా తీగ గరగరమంటుంది. తీగ బాగా ఎత్తుగా ఉంటే నేర్చుకునే వాడి వేళ్లు బొబ్బలెక్కుతాయి. చవక ఫ్యాక్టరీ తొందరపడేది సరిగ్గా ఈ పనుల దగ్గరే.

ల్యాప్ స్టీల్‌లో ఇవేవీ లేవు. ఫ్రెట్లు లేవు, గీతలు గీసి ఉంటాయంతే. మెడని చేత్తో పట్టుకునే పని లేదు కాబట్టి ఎంత మందంగా ఉన్నా ఫర్వాలేదు. తీగలు ఎత్తుగానే ఉండాలి. అంటే చవక పనివాడు చెడగొట్టగలిగే భాగాలు సగానికి సగం ముందే తీసేశారన్నమాట. మిగిలింది ఒక గట్టి దిమ్మ, ఆరు తీగలు, రెండు కొసల్లో రెండు ఆనుళ్లు, ఒక పికప్.

చరిత్రా అదే చెబుతుంది. జార్జ్ బోషాంప్, అడాల్ఫ్ రికెన్‌బ్యాకర్ కలిసి 1932లో అమ్మకానికి పెట్టిన తొలి ఎలక్ట్రిక్ గిటార్ ల్యాప్ స్టీలే. గుండ్రటి ఒళ్లు, పొడుగాటి మెడ, అంతా అల్యూమినియం పోత. చూడ్డానికి పెనంలా ఉందని 'ఫ్రయింగ్ ప్యాన్' అన్నారు. అంత మొద్దు వస్తువు మీద గొప్ప సంగీతం పలికింది. కాకపోతే స్టేజి దీపాల వేడికి ఆ లోహం వ్యాకోచించి శ్రుతి తప్పేది. 1935లో వాళ్లే బేకలైట్‌తో ఇంకో రకం తెచ్చారు. వస్తువు మొద్దుగా ఉన్నా నష్టం లేదు, కొలత కదిలితేనే నష్టం అని ఆనాడే తేలిపోయింది.

ఇప్పుడు అమెరికా మార్కెట్లో రోగ్, ఎస్‌ఎక్స్, ఆర్టిజన్ లాంటి పేర్లతో చవక దిగుమతి సరుకు కనిపిస్తుంది. కాస్త పైమెట్టులో గ్రెచ్ లాంటి పాత పేరుతో చైనాలో తయారైనవీ ఉన్నాయి. ఒకే ఫ్యాక్టరీ సరుకు నాలుగు పేర్లతో రావడం ఈ వ్యాపారంలో మామూలే. అందుకని నేను పేరు చూసి తీర్పు చెప్పను. ఒకే పేరుతో ఒకే రోజు పెట్టెలోంచి తీసిన రెండిట్లో ఒకటి బాగుండొచ్చు, రెండోది బాగుండకపోవచ్చు. మీ చేతిలో ఉన్న దాన్నే మీరు చూసుకోవాలి.

చెవిదా తప్పు, గీతదా?

మా పిన్ని డాలస్‌లో కూతురి దగ్గర ఉంటుంది. చిన్నప్పుడు ఏడెనిమిదేళ్లు వీణ నేర్చుకుంది. వయసు మీద పడ్డాక వేళ్లు తీగ నొక్కలేకపోతున్నాయని, నొక్కే పని లేని వాయిద్యం కదా అని కూతురు ఒక చవక ల్యాప్ స్టీల్ కొనిచ్చింది. నెల తిరక్కుండానే ఫోను. "నాకు చెవి పోయిందిరా. గీత మీదే పెడుతున్నా, పై షడ్జమం కిందికే పలుకుతోంది. ఇంక ఈ వయసులో ఎందుకులే, ఎవరికైనా ఇచ్చేస్తా."

నేనన్నాను, "పిన్నీ, ఇంట్లో స్కేలుందా?"

వీడియో కాల్‌లోనే కొలిపించాను. ఒక కొస నుంచి రెండో కొసకి తీగ పొడవు 57.8 సెంటీమీటర్లు. పై షడ్జమం సరిగ్గా సగంలో, అంటే 28.9 దగ్గర పలకాలి. 12వ గీత ఉన్నది 28.5 దగ్గర. నాలుగు మిల్లీమీటర్ల తేడా. అంత తేడాకి స్వరం అర్ధస్వరంలో దాదాపు నాలుగో వంతు కిందికి దిగుతుంది. వీణ నేర్చిన చెవి దాన్ని పట్టుకుంది. చెవి సరిగ్గానే ఉంది, గీత తప్పు.

ఈ ముక్క ఎందుకు చెబుతున్నానంటే, చవక వాయిద్యం వల్ల అసలు నష్టం 150 డాలర్లు కాదు. నేర్చుకునేవాళ్లు తప్పు తమలో ఉందనుకుంటారు. పిల్లలైతే 'నాకు రాదు' అనుకుని మూలన పడేస్తారు. పెద్దవాళ్లైతే 'నా వల్ల కాదు' అని సర్దుకుంటారు. ఆ నష్టాన్ని ఏ రిటర్న్ పాలసీ తిరిగి ఇవ్వదు.

స్కేలుతో పావుగంట

కాబట్టి మొదటి పరీక్ష కొలతే. తల దగ్గర తీగలు ఆనే పట్టీని నట్ అంటారు. రెండో కొసన ఉండేది బ్రిడ్జి. ఈ రెండిటి మధ్య దూరమే స్కేల్. ల్యాప్ స్టీల్స్‌లో చాలావాటికి ఇది 22.5 అంగుళాలు, అంటే 57.15 సెంటీమీటర్లు. ఆ లెక్కన నట్ నుంచి మొదటి గీత 3.21 సెంటీమీటర్ల దగ్గర, 5వ గీత 14.34 దగ్గర, 7వది 19.01 దగ్గర, 12వది 28.58 దగ్గర ఉండాలి. మీ వాయిద్యం స్కేల్ వేరే అయితే కంగారు పడకండి. ముందు అసలు పొడవు కొలవండి. 12వ గీత అందులో సరిగ్గా సగంలో ఉందో లేదో చూడండి. ఒక మిల్లీమీటరు అటూ ఇటూ ఉంటే వదిలేయండి. మూడు మిల్లీమీటర్లంటే 12వ గీత దగ్గర అర్ధస్వరంలో దాదాపు ఐదో వంతు తేడా. అది వినిపిస్తుంది.

స్కేలు లేకపోయినా చెవితో చూసుకునే దారి ఒకటుంది. తీగని నొక్కకుండా, వేలి కొసతో సగంలో అలా తాకించి మీటి, వెంటనే వేలు తీసేయండి. గంటలాంటి సన్నటి నాదం వస్తుంది. అది తీగకి సరిగ్గా సగంలోనే బాగా పలుకుతుంది. ఆ చోటు 12వ గీత మీదికి వచ్చిందా? అలాగే మూడో వంతులో, నాలుగో వంతులో కూడా పలుకుతుంది. అవి దాదాపుగా 7వ, 5వ గీతల మీదికి రావాలి. ప్రకృతి పెట్టిన గుర్తులు ఇవి, ఏ ఫ్యాక్టరీ మార్చలేదు.

గీతని నిందించే ముందు ఇంకో సంగతి. ల్యాప్ స్టీల్‌లో తీగకీ గీతకీ మధ్య ఎత్తు ఎక్కువ. తల వంచి ఏటవాలుగా చూస్తే కడ్డీ గీత మీద ఉన్నట్టే కనిపించి పక్కన ఉంటుంది. కడ్డీకి సరిగ్గా పైనుంచి చూడాలి. పైగా మామూలు గిటార్‌లో ఫ్రెట్‌కి వెనక నొక్కుతాం. ఇక్కడ కడ్డీ మధ్యభాగం గీతకి నిట్టనిలువుగా పైనే ఉండాలి. మామూలు గిటార్ నుంచి వచ్చినవాళ్లు మొదట్లో తడబడేది ఇక్కడే.

మరి గీతలు తప్పని తేలితే? తిరిగి పంపే వీలుంటే పంపేయండి. లేదంటే బాగుచేసుకోవచ్చు, ఖర్చు కాగితం ఖర్చే. తీగ పొడవుని 17.817తో భాగిస్తే మొదటి గీత దూరం వస్తుంది. మిగిలిన పొడవుని మళ్లీ 17.817తో భాగిస్తే మొదటి గీత నుంచి రెండో గీత దూరం. అలా చేసుకుంటూ పోవడమే. పిన్ని వాయిద్యానికి 57.8ని భాగిస్తే మొదటిది 3.24, అక్కడినుంచి రెండోది 3.06. ఆమె మనవడు కంప్యూటర్లో లెక్క వేసి, పొడవాటి కాగితం మీద ప్రింటు తీసి, పాత గీతల మీద అంటించాడు. ఇప్పుడు ఫోన్ చేస్తే వాయిద్యం గురించి కాదు, కల్యాణి గురించి మాట్లాడుతుంది.

ఆరు తీగలూ ఒకే మట్టంలో ఉండాలి

రెండో పరీక్ష మట్టం. కడ్డీ తిన్నగా ఉంటుంది కాబట్టి దాని కింద ఆరు తీగలూ ఒకే మట్టంలో ఉండాలి. ఒకటి కిందికి ఉంటే కడ్డీ దానికి సరిగ్గా ఆనదు, గరగర మొదలవుతుంది. స్టీలు స్కేలుని నిలువు అంచు మీద నిలబెట్టి నట్ దగ్గర తీగల మీద అడ్డంగా ఆనించండి. ఏ తీగకీ స్కేలుకీ మధ్య వెలుతురు కనిపించకూడదు. బ్రిడ్జి దగ్గర కూడా ఇలాగే చూడండి. మామూలు గిటార్ల కోసం చేసిన బ్రిడ్జి తెచ్చి బిగిస్తే కాస్త కమాను వంపు వస్తుంది, అది ఇక్కడ పనికిరాదు. ఒక్కో తీగ ఎత్తూ విడిగా సర్దే స్క్రూలు ఉంటే సరిచేసుకోవచ్చు. నట్ గాడి కాస్త ఎత్తుగా ఉంటే సన్నటి ఆకురాయితో రుద్దుకోవచ్చు. గాడి లోతు ఎక్కువైపోతే మాత్రం నట్టే మార్చాలి.

మూడోది ట్యూనింగ్ కీలు, మన వీణవాళ్ల మాటలో బిరడలు. శ్రుతి చేసి, కడ్డీతో పది నిమిషాలు వాయించి, మళ్లీ చూడండి. కొత్త తీగలు ఒకటి రెండు రోజులు సాగుతాయి, అది తప్పు కాదు. కానీ కీ తిప్పుతుంటే 'టిక్' మని ఒక్కసారిగా శ్రుతి గెంతుతోందా? సాధారణంగా అది నట్ గాడిలో తీగ పట్టేయడం వల్ల. పెన్సిల్ ముల్లు గాడిలో రుద్దండి, ఆ నలుపు జారుడు పదార్థం. అలా కాకుండా కీ కాస్త వెనక్కీ ముందుకీ వదులుగా ఆడుతుంటే అది కీ లోపం. మార్చుకోవచ్చు, కానీ ఆ ఖర్చు ధరలో కలుపుకోండి.

నాలుగోది పికప్, వైరింగు. యాంప్లిఫైయర్‌కి కలిపి ఆరు తీగలూ ఒక్కొక్కటీ మీటండి. ఏదైనా ఒకటి మరీ నీరసంగా పలికితే అది పికప్ మీదుగా సరిగ్గా పోవడం లేదేమో పైనుంచి చూడండి. వాల్యూమ్ నాబ్ తిప్పితే కరకరమంటే దుమ్మో, చవక భాగమో. పెద్ద ఖర్చు కాదు. ఒకే చుట్ట ఉన్న పికప్‌కి కొంత హమ్మింగ్ సహజం. వాయిద్యాన్ని కాస్త పక్కకి తిప్పితే తగ్గిందంటే అది గదిలోని కరెంటు వల్ల. తీగల మీద చేయి వేస్తే తగ్గుతోందంటే ఎర్త్ కలిసే ఉందని గుర్తు. చేయి వేస్తే పెరుగుతోందంటే ఎక్కడో వైరు తెగింది, సోల్డరింగ్ వచ్చినవాళ్లకి చూపించండి. మన ఇళ్లల్లో ఇంకో జాగ్రత్త. తీగలు వైరు ద్వారా యాంప్లిఫైయర్ ఎర్త్‌కి కలిసి ఉంటాయి. ఎర్త్ లేని ప్లగ్గులో యాంప్లిఫైయర్ పెట్టకండి. అమెరికా నుంచి తెచ్చిన యాంప్లిఫైయర్ 120 వోల్టులది అయితే నేరుగా మన 230 వోల్టుల సాకెట్‌లో పెట్టకూడదు, కాలిపోతుంది.

అయిదోది ఒళ్లు. పొడవునా ఒక నిటారు బద్ద ఆనించి చూడండి. మెలి తిరిగి ఉన్నా, బ్రిడ్జి ఒక పక్కకి జరిగి తీగ అంచు దాటిపోతున్నా, చెక్కలో పగులున్నా మారు మాట్లాడకుండా వెనక్కి పంపండి. ఇవి బాగుచేయడానికి అయ్యే ఖర్చు పెట్టదగింది కాదు. రంగు కాస్త పెచ్చు లేచిందా, స్టిక్కరు వంకరగా ఉందా, వాటిని పట్టించుకోకండి. నాదానికీ వాటికీ సంబంధం లేదు.

ధరలో కనిపించని ధర

ఇప్పుడు లెక్కకి వద్దాం. 150 డాలర్ల పెట్టెలో తరచుగా ఒక సంచీ, ఒక కడ్డీ, తీగలు ఉంటాయి. 'అన్నీ ఇచ్చేశాం' అని ప్రకటన. ఆ కడ్డీని ఒకసారి చేత్తో తూచండి. తేలిగ్గా, బోలుగా ఉంటే దాని నాదం కూడా అలాగే ఉంటుంది. ఆరు తీగల వాయిద్యానికి ముప్పాతిక అంగుళం వ్యాసం, మూడు అంగుళాలకి కాస్త అటూ ఇటూ పొడవున్న గట్టి ఉక్కు కడ్డీ కావాలి. బరువే తీగని పలికిస్తుంది, మీ చేతి బలం కాదు. వాయిద్యంలో డబ్బు మిగిలితే మొదట ఇక్కడ పెట్టండి. మంచి కడ్డీ రేపు మీరు ఖరీదైన వాయిద్యం కొన్నా పనికొస్తుంది.

రెండోది తీగలు. ఇది చాలామందికి తెలియక తీగలు తెంపుకుంటారు. ల్యాప్ స్టీల్‌కి బాగా పేరున్న శ్రుతి 'సి6'. కింది నుంచి పైకి సి, ఇ, జి, ఏ, సి, ఇ. మామూలు గిటార్ తీగలు వేసి ఉన్న దాన్ని ఈ శ్రుతికి తేవాలంటే ఆరో తీగని 8 అర్ధస్వరాలు పైకి లాగాలి, అయిదో దాన్ని 7. తీగ తెగుతుంది, లేకపోతే కీ పాడవుతుంది. దానికి 'సి6' కోసమే అమ్మే తీగల సెట్ వేరే ఉంటుంది. 'ఓపెన్ డి' అయితే డి, ఏ, డి, ఎఫ్ షార్ప్, ఏ, డి. ఇక్కడ ఏ తీగనీ పైకి లాగక్కర్లేదు. కానీ స్కేల్ పొట్టిది కావడంతో తీగలు వేలాడతాయి. మామూలు ఎలక్ట్రిక్ గిటార్ 25.5 అంగుళాలు. అదే తీగ, అదే శ్రుతి 22.5 అంగుళాల మీద పెడితే బిగువు దాదాపు 22 శాతం తగ్గుతుంది. కాబట్టి కాస్త లావు తీగలు వేయాలి.

కాబట్టి వాయిద్యం 150 అంటే కడ్డీ, తీగలు, కీలో నట్టో ఏదో ఒక చిన్న మరమ్మతు కలిపి 200 దాటుతుందనుకోండి. ఆ మొత్తాన్ని ముందు పెట్టుకుని అప్పుడు ఇంకోదానితో పోల్చండి. ఉదాహరణకి, అమెరికాలో ఉన్నవాళ్లకి 1940లు, 50ల నాటి స్టూడెంట్ ల్యాప్ స్టీల్స్ పాత సరుకులో దొరుకుతుంటాయి. షికాగోలో తయారైన సుప్రో లాంటివి. వాటి ధర కాస్త ఎక్కువే ఉన్నా తిరిగి అమ్మితే విలువ నిలబడుతుంది. చవక కొత్తది అమ్మబోతే సగం కూడా రాకపోవచ్చు. కానీ పాతదాంట్లో వైర్లు ఎండిపోయి, కీలు బిగుసుకుపోయి ఉండొచ్చు. మరమ్మతు చేసేవాళ్లు దగ్గర్లో లేకపోతే కొత్త చవకదే సుఖం.

విజయవాడ పాఠకుడికి

ఇక్కడ ఉన్నవాళ్లకి లెక్క మారుతుంది. బయటి నుంచి తెప్పిస్తే దిగుమతి సుంకం వస్తువు ధర మీద ఒక్కటే కాదు, రవాణా, బీమా కలిపిన మొత్తం మీద వేస్తారు. దాని పైన జీఎస్టీ. 'గిఫ్ట్ అని రాయిస్తే సుంకం పడదు' అన్నది పాత మాట, 2019 డిసెంబరులో ఆ వెసులుబాటు తీసేశారు. పైగా గీతలు తప్పని తేలితే వెనక్కి పంపడం దాదాపు కుదరని పని. 150 డాలర్ల వస్తువు చవకగా ఉన్నది అక్కడ, ఇక్కడికి చేరేసరికి కాదు.

అందుకని వీళ్లకి నా సలహా వేరు. ఇంట్లో ఎవరైనా పక్కన పడేసిన పాత గిటార్ ఉందా? నట్ మీద తొడిగే ఎత్తు పట్టీ ఒకటి దొరుకుతుంది. దాన్ని ఎక్స్‌టెన్షన్ నట్ అంటారు. తీగలు వదులు చేసి, అది తొడిగి, మళ్లీ బిగిస్తే తీగలు పైకి లేస్తాయి. 'ఓపెన్ డి' శ్రుతి పెట్టి ఒళ్లో పడుకోబెట్టుకోండి. మెడ కాస్త వంగిన గిటార్ కూడా ఈ పనికి పనికొస్తుంది, ఫ్రెట్లు అరిగినా బాధ లేదు. ఫ్రెట్లే గీతల్లా దారి చూపిస్తాయి. కొనాల్సిందల్లా ఆ పట్టీ, ఒక మంచి కడ్డీ. మూడు నెలలు వాయించి చూడండి. చేయి కుదిరి, ఇష్టం నిలబడితే అప్పుడు కోల్‌కతాలో తయారయ్యే హవాయన్ గిటార్ సంగతి ఆలోచించవచ్చు. దానికీ ఇదే స్కేలు, ఇదే పరీక్ష.

ఇంకొక మాట, ముఖ్యంగా కర్ణాటక సంగీతం కోసం కొనేవాళ్లకి. పొట్టి స్కేల్ మీద స్వరస్థానాలు దగ్గర దగ్గరగా ఉంటాయి. చేయి ఒక మిల్లీమీటరు జరిగితే స్వరం ఎక్కువ మారుతుంది. ఆనందభైరవిలో గాంధారం, తోడిలో గాంధారం పలికించాలంటే పొడవాటి స్కేల్ సుఖంగా ఉంటుంది. పక్క తీగల ప్రతిధ్వని, మోహన వీణలాంటి నిండుదనం ఆరు తీగల దిమ్మ నుంచి ఆశించకండి. అది దాని లోపం కాదు, అది వేరే వాయిద్యం. కడ్డీ పట్టుకోవడం, అవసరం లేని తీగ మోగకుండా వెనక వేళ్లతో ఆపడం, స్వరం మీద కచ్చితంగా దిగడం నేర్చుకోవడానికి మాత్రం ఇది చాలు.

న్యూజెర్సీ పాఠకుడికి నేను రాసిన జవాబు ఇది. తిరిగి పంపే గడువు ఎన్ని రోజులో, పంపే ఖర్చు ఎవరిదో ముందు కనుక్కోండి. అమ్మేవాళ్లని రెండు ఫొటోలు అడగండి. ఒకటి నట్ నుంచి బ్రిడ్జి దాకా టేపు పరిచి, 12వ గీత కూడా కనపడేలా తీసింది. రెండోది బ్రిడ్జి వైపు నుంచి తీగల మట్టం కనపడేలా తీసింది. పంపితే కొనండి. పంపకపోతే ఇంకో దుకాణం చూడండి, చవక ల్యాప్ స్టీల్స్‌కి కరువు లేదు. పెట్టె ఇంటికి వచ్చిన రోజే కొలవండి, రంగు చూసి మురవడం మర్నాడు పెట్టుకోవచ్చు. కొలత సరిపోయిందంటే నమ్మండి, ఆ 150 డాలర్లకి మీకు దొరికింది ఆటబొమ్మ కాదు, వాయిద్యమే. ఆ తర్వాత అపస్వరం పలికితే సాధన చేయాల్సింది మీరే!